కొసాక్కుకు రంగులేసిన చేతులు

అంట్లతో పాటు కొసాక్కు తలకాయను కూడా నేనే తోమాను. సబ్బునీళ్లలో ముంచి, పాత పళ్ల బ్రష్షుతో మీసాల సందుల్లో, చెవుల వెనక, మెడ మడతల్లో రుద్ది రుద్ది కడిగాను. అచ్చులోంచి తీసిన రెసిన్ బొమ్మకు కంటికి కనపడని జిడ్డు ఉంటుంది. అది పోకపోతే ఎంత మంచి రంగైనా పట్టదు, పెచ్చులు పెచ్చులుగా ఊడిపోతుంది. సింకులో ఒక పక్క మా అత్తమ్మ తాగిన టీ గ్లాసు, ఇంకో పక్క మా ఆయన సగం తిని వదిలేసిన ఉప్మా పళ్లెం, మధ్యలో జానెడు పొడుగు కూడా లేని ఈ పెద్దమనిషి. తల, మెడ, ఛాతీ, అంతే. చేతుల్లేవు, కాళ్లు లేవు. అయినా మగవాడు మగవాడే కదా, మొహం కడగడానికి ఒక ఆడది కావలసి వచ్చింది.

నీళ్ల కోసం వంటింట్లోకి వచ్చిన మా అత్తమ్మ పద్మమ్మ సింకులోకి తొంగిచూసి బుగ్గన వేలేసుకుంది. గుండు మీద ఒక్క పాయ జుట్టు పొడుగ్గా వేలాడుతుంటే ఆమెకు ఇంకేం తోస్తుంది?

"ఈ పంతులెవడే? పంతులుకు గంతంత మీసాలేంది?"

"పంతులు కాదత్తమ్మా, కొసాక్కు. ఎనకట ఉక్రెయిన్ దేశంల గుర్రాల మీద లడాయి చేసినోళ్లు."

"మరి పిలకెందుకు పెట్టుకుండు?"

"వాళ్ల రివాజు అత్తమ్మా."

"ఏం రివాజో ఏమో. జల్ది కడిగి అన్నం పెట్టు. శివడు వచ్చే యాళ్లయింది."

శివడంటే మా ఆయన శివకుమార్. సూర్యాపేటలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో చరిత్ర చెబుతాడు. ఆ బొమ్మ తెచ్చింది మా మరిది సాయిబాబు. ఉక్రెయిన్‌లో జపరోజియా అనే ఊళ్లో డాక్టరీ చదివి వచ్చి కోదాడలో పని చేస్తున్నాడు. ఆ ఊరే ఒకప్పుడు కొసాక్కుల కోటట. వాళ్లన్నకు బొమ్మల పిచ్చి ఉందని, బట్టల మధ్య చుట్టిపెట్టి అంత దూరం నుంచి మోసుకొచ్చాడు. "అన్నా, ఇది నీకు" అని డబ్బా ఆయన చేతిలో పెట్టి, "వదినా, చెవికి పోగుంది చూడు, జాగ్రత్త, విరుగుద్ది" అని నావైపు తిరిగి చెప్పాడు. అంటే వాడికి తెలుసు. మా ఇంట్లో అందరికీ తెలుసు. తెలిసి ఎవరూ నోరు విప్పరు, అదే మా ఇంటి మర్యాద.

ఈ కథ బొమ్మలతో మొదలు కాలేదు. 2001లో పెళ్లయి మిర్యాలగూడ పక్కన మాడుగులపల్లి నుంచి సూర్యాపేట వచ్చేసరికి ఆయన బీఈడీ చేస్తున్నాడు. పాఠాల ఛార్టులన్నీ నాచేత గీయించుకున్నాడు. కోటలు, నాణేలు, యుద్ధాల పటాలు, చక్రవర్తుల కిరీటాలు. కొత్త పెళ్లికూతుర్ని, మొగుడు పక్కన కూర్చుని "ఇక్కడ ఎర్ర రంగు పెట్టు" అంటుంటే అదే ప్రేమనుకున్నాను. పరీక్ష అయ్యాక ఇంటికొచ్చి, "ఎగ్జామినర్ నన్ను మస్తు మెచ్చుకుండు, నా చెయ్యి బాగుందన్నడు" అని మిఠాయి పెట్టాడు. మిఠాయి తీయగానే ఉంది. నా చెయ్యి ఆయన చెయ్యి ఎప్పుడయిందని అడగాలని అప్పుడు నాకు తోచలేదు.

తర్వాత ఇంట్లోకి కంప్యూటరు వచ్చింది, ఇంటర్నెట్టు వచ్చింది, దాంతోపాటు ఈ బొమ్మల పిచ్చి వచ్చింది. చరిత్రలోని సైనికుల తలలను చిన్న చిన్న బొమ్మలుగా పోసి అమ్ముతారు, వాటికి రంగులేసి ఫొటోలు తీసి ప్రపంచమంతా చూపించుకుంటారు. ఆయన మొదట తెప్పించింది ఒక రోము సైనికుణ్ణి. ఒక ఆదివారమంతా కూర్చుని వేశాడు. మొహం ఇటుకరాయిలా వచ్చింది, కళ్లు రెండు రెండు దిక్కులకు పోయాయి. విసిరి మూలన పారేశాడు. మర్నాడు ఆయన కాలేజీకి పోయాక దాన్ని తీసి, పాత రంగు గీకేసి, నెమ్మదిగా నేను మళ్లీ వేశాను. సాయంత్రం వచ్చి అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. ఫొటో తీసుకున్నాడు. రెండు రోజుల తర్వాత నన్ను పిలిచి కంప్యూటరు ముందు నిలబెట్టి, "సూడు, ఎంతమంది మెచ్చుకున్నరో నన్ను" అన్నాడు. తెర మీద ఆయన పేరు, ఆయన ఫొటో, కింద నా రోము సైనికుడు. "మరి వేసింది నేను కదా" అంటే నవ్వాడు. "ఏ, ఇద్దరం ఒక్కటే కదనే. నీకు టైంపాస్, నాకు పేరు. అయినా లేడీస్ ఏసిన్రంటే గాళ్లు సీరియస్‌గ తీస్కోరు." నాకు టైంపాస్ కావలసినంత టైము ఆ ఇంట్లో ఎక్కడుందో ఆయనే చెప్పాలి.

అయినా ఒక మాట ఒప్పుకుంటాను. ఆ పని నాకు ఇష్టం. ఇష్టం అనే మాట చాలదు. వంట చేస్తే తినేస్తారు, గిన్నె ఖాళీ. ఇల్లు తుడిస్తే మళ్లీ తొక్కుతారు. బొమ్మకు వేసిన రంగు మాత్రం వేసిన చోటే ఉంటుంది. నేను చేసిన పని రేపటికి కూడా ఉండడం అనేది నాకు ఆ బల్ల దగ్గరే తెలిసింది. వెనక తలుపు పక్కన, కరెంటు పోయినా వెలుతురు వచ్చే చోట, ఒక పాత కుట్టుమిషను బల్ల. అదే నా రాజ్యం.

కొసాక్కును ఆరబెట్టాక బ్లేడుతో అచ్చు గీతలు గీకాను. గడ్డం కింద సూదిమొన అంత చిల్లులుంటే మైదా ముద్దలాంటి పుట్టీతో పూడ్చి, ఎండాక గరుకు కాగితంతో రుద్దాను. కింద ఒక చెక్కముక్కకు తీగతో బిగించాను, పట్టుకోవడానికి. రంగు వేస్తున్నప్పుడు బొమ్మను వేళ్లతో ముట్టకూడదు. పునాది రంగు బైకులకు రంగులేసే షాపు నుంచి తెప్పించిన బూడిదరంగు స్ప్రే. మేడ మీద ముక్కుకు కొంగు కట్టుకుని కొట్టాను. ఆ తర్వాత పైనుంచి మాత్రమే తెల్లరంగు లేతగా కొట్టాలి. ఎండ ఎక్కడ పడుతుందో, నీడ ఎక్కడ నిలుస్తుందో అప్పుడు తెలుస్తుంది. నుదురు, ముక్కు, మీసం మీది వంపు వెలిగాయి. కనుగుంటలు చీకట్లో ఉండిపోయాయి.

మొహం రంగు ఒక్కసారి వేసేది కాదు. టిఫిను డబ్బా మూతలో తడిగుడ్డ పరిచి, దాని మీద బేకరీ వాళ్లిచ్చే నూనె కాగితం పెడితే రంగు ఎండిపోకుండా ఉంటుంది. గోధుమరంగు, పసుపు, చిటికెడు ఎరుపు కలిపి పలచని మజ్జిగలా చేసుకుని పొర మీద పొర వేస్తూ పోవాలి. ఒక పొర ఆరేలోపు పప్పు ఉడుకుతుంది. ఇంకో పొర ఆరేలోపు బట్టలు ఆరేసి రావచ్చు. బుగ్గలకు కొంచెం ఎరుపు, కళ్ల కింద కొంచెం ఊదా, గొరిగిన తలకు నీలం బూడిద కలిసిన నీడ. ఆకుపచ్చగా కనపడుతున్న దశలో అత్తమ్మ చూసి, "పాపం, పానం బాగలేనట్టుంది వానికి" అని జాలిపడింది. నా మొగుడికి జలుబు చేసినా, ఈ బొమ్మ మొహం పాలిపోయినా జాలిపడే ఆ తల్లి, నాకు నడుం పట్టేసిన రోజు "మేం ఏడుగురిని కని పొలం పోయినం" అంది.

కళ్లు వేసిన రోజు నాకు బాగా గుర్తు. ఊపిరి బిగబట్టి, మోచేతులు బల్లకు ఆనించి, నాలుగు వెంట్రుకల బ్రష్షుతో వేశాను. కంట్లో తెలుపు అసలు తెలుపు కాదు, లేత గులాబీ కలిసిన బూడిద. పై రెప్ప కింద నీడ గీత, నల్లగుడ్డులో ఒక్క వెలుగు చుక్క. ఆ చుక్క పెట్టగానే వాడు నన్ను చూశాడు. ఆ ఇంట్లో నా మొహంలోకి చూసి టీ అడగని మగవాడు వాడొక్కడే. "ఏందయ్యా, ఎట్లుంది మా సూర్యాపేట?" అని పైకే అడిగాను. ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది.

ఆ సాయంత్రమే ఆయన కొత్త కబురు తెచ్చాడు. హైదరాబాదులో బొమ్మల క్లబ్బు వాళ్లు పోటీ పెట్టారు. మొదటినుంచి చివరిదాకా ఒక్కొక్క మెట్టూ ఫొటో తీసి, ఎలా చేశారో రాసి పంపాలి. వేరేవాళ్లతో వేయించుకుని తెచ్చేవాళ్లు ఎక్కువయ్యారని ఒక షరతు పెట్టారు. ప్రతి ఫొటోలో రంగు వేస్తున్న చేతులు కనపడాలి. నేను పకపకా నవ్వాను. నవ్వు ఆపుకోలేకపోయాను. "మంచిగైంది, ఇగ మీరే పట్టున్రి బ్రష్షు" అన్నాను.

పట్టాడు. చాక్‌పీసు పట్టినట్టు పట్టాడు. కెమెరా నాకిచ్చి, బుగ్గ మీద ఉత్తుత్తిగా ఆనిస్తానని ఆనించాడు. చెయ్యి వణికి, ముక్కు పక్కనుంచి చెవి దాకా గోధుమరంగు గీత. నాలుగు రోజుల పని. "దీని బ్రష్షే సక్కగ లేదు" అని బ్రష్షును తిట్టి లేచిపోయాడు. నేను తడిగుడ్డతో తుడుస్తుంటే, పోయినంత పోగా గీత మచ్చ మిగిలింది. మళ్లీ మొదట్నుంచి వేసే ఓపిక లేక దాన్నే కత్తిగాటుగా మార్చేశాను. పాత గాటు, చుట్టూ బిగుసుకున్న చర్మం, అంచుల్లో లేత గులాబీ. కోపంతో వేశాను. ఆ కోపం మొత్తం మొహానికి పాకింది, కనుబొమలు కూడా దగ్గరికి వచ్చినట్టయ్యాయి. తర్వాత ఆయన వ్యాసంలో రాసుకున్నాడు, "కొసాక్కుల యుద్ధావేశాన్ని లోతుగా అధ్యయనం చేసి ఈ గాయాన్ని చిత్రించాను" అని.

మర్నాడు కుర్చీ లాక్కుని నా ముందు కూర్చున్నాడు. మెత్తగా మాట్లాడాడు. ఆయన మెత్తగా మాట్లాడితే నాకు ఏదో పోబోతున్నదని అర్థం.

"అనూ, చేతులు నీయే ఉండనీ. ఫొటోల మొఖం రాదు కదా. నా అంగీ తొడుక్కో, చేతుల దాక గుండీలు పెట్టుకో. నా గడియారం పెట్టుకో. గోర్లు తీసేయ్. ఆ గాజులు ఒక్కటి తియ్యి, కనవడ్తయి."

"గాజులా?"

"మల్ల ఏస్కోవచ్చు. ఎవలొద్దన్నరు?"

నేను అత్తమ్మ వైపు చూశాను. గుమ్మంలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. ఆమె ఒప్పుకోదని నా ధైర్యం. అంతకుముందు ఏడాది గ్రైండరుకు తగిలి నా కుడిచేతి గాజులన్నీ చిట్లితే, నా వేలు తెగి రక్తం కారుతున్నా ముందు ఆ చేతికి పసుపు దారం కట్టి గానీ నన్ను మందు పెట్టుకోనివ్వలేదు ఆ మనిషి. "మొగుడున్న ఆడది బోసి చేతులతోని నిలబడుతదా? నా కొడుకు చల్లగుండాల్నా వద్దా?" అని వీధంతా వినపడేలా అరిచింది. అలాంటి మనిషి ఇప్పుడు చింతపండు మీంచి తల ఎత్తకుండా, "ఇంట్లనే గదనే. ఎవలు చూస్తరు? వాని పేరుకోసం గదా" అంది.

"పోనీ దారమన్న కట్టుకుంట" అన్నాను.

"దారం గూడ కనవడ్తదే" అన్నాడాయన.

సబ్బు రాసుకుని తీశాను. ఒక్కొక్కటీ పిడికిలి దాటుతుంటే ఆయన గడియారం చూసుకుంటున్నాడు, వెలుతురు పోతుందని. చేతులు తేలికైపోయాయి. నా చేతులు నాకే ఎవరివోలా కనపడ్డాయి. అయినా సరిపోలేదు. మణికట్టు మీద పెద్దగట్టు జాతరలో చిన్నప్పుడు మా అమ్మ పొడిపించిన పచ్చబొట్టు ఉంది, మూడు చుక్కలు, ఒక పువ్వు. "దాని మీద కొంచెం రంగెయ్యరాదు? నీకు వచ్చు కదా" అన్నాడు. నాకు వచ్చు. ఆయన చెయ్యి పక్కన పెట్టుకుని, ఆయన చామనఛాయ పట్టుకుని కలిపి, కొసాక్కు మొహానికి వేసినట్టే పొర మీద పొరగా నా చేతి మీద నేనే వేసుకున్నాను. మా అమ్మ పువ్వు మాయమయింది. అంగీ తొడుక్కుని, గడియారం పెట్టుకుని బల్ల ముందు కూర్చుంటే అత్తమ్మ మురిసిపోయింది. "అచ్చం శివడు కూసున్నట్టే ఉన్నది!"

కడుపులో మంట అంటారే, అది అప్పుడు పుట్టింది. ఇన్నాళ్లు నాకు కోపాలే వచ్చేవి, వచ్చి పోయేవి. ఇది పోయే రకం కాదు. మొగుడి ప్రాణం నా గాజుల్లో ఉందని పన్నెండేళ్లు భయపెట్టినవాళ్లు, వాడి పేరు కోసం వాడి ప్రాణాన్నే పక్కన పెట్టారు. అంటే ఆ భయమంతా నాకోసం తయారుచేసింది. వాళ్లకు అవసరమైనప్పుడు అది అక్కర్లేదు. సరే అనుకున్నాను. నాకూ అవసరం వస్తుంది.

ఫొటోలు సాగాయి. మళ్లీ పునాది రంగు వేసినట్టు ఇంకో పాత బొమ్మ మీద నటించాను, మిగతావన్నీ కొసాక్కు మీదే, అప్పటికే వేసిన కళ్ల మీద కూడా రంగు లేని బ్రష్షు ఆనించి. మీసానికి ముందు ముదురు గోధుమ, తర్వాత వెంట్రుక వెంట్రుకగా పసుపు, కొసల్లో నెరిసిన తెలుపు. చెవిపోగుకు బంగారు రంగు కాదు, గోధుమ మీద పసుపు, పసుపు మీద తెలుపు. దూరం నుంచి చూస్తే అదే బంగారం. ఎర్రటి కోటుకు నీడలో నలుపు కలిపితే మురికి అవుతుంది, ఆకుపచ్చ కలపాలి. మెడ చుట్టూ గొర్రెతోలు అంచు. గొర్రెల మధ్య పెరిగిన దాన్ని, ఉన్ని మొదట్లో ఎంత తెల్లగా ఉంటుందో, కొసల్లో దుమ్ము ఎలా పడుతుందో నాకెవరూ చెప్పక్కర్లేదు. ప్రతి మెట్టు దగ్గరా ఆయన కెమెరా పట్టుకుని, "వేళ్లు జర లావుగ పెట్టు" అనేవాడు. వేళ్లు లావుగా ఎలా పెడతారు? పెట్టి చూపించమన్నాను. విసుక్కున్నాడు. సాయంత్రం నేను చెబుతుంటే వ్యాసం టైపు చేసుకునేవాడు. "నేను" అనే మాట ఎన్నిసార్లు కొట్టాడో ఆ కీబోర్డుకు తెలుసు.

మొదటి బహుమతి వచ్చింది. జిల్లా పేపర్లో ఫొటో వచ్చింది, ఆయన నవ్వు, పక్కన నా కొసాక్కు. కాలేజీ యాజమాన్యం సన్మానం పెట్టింది. పాలకీడు నుంచి మా అత్తమ్మ తమ్ముడు ఐలన్న మామ, మేనల్లుడి గొప్పతనానికి పొంగిపోయి రెండు పొట్టేళ్లను తోలుకొచ్చాడు. సభ అయ్యాక అందరికీ భోజనాలు. ఆ పొద్దున ఆయన అద్దం ముందు తల దువ్వుకుంటుంటే వెనక నిలబడ్డాను. పేరు కావాలని నేను నోరు తెరిచి అడిగింది ఆ ఒక్కసారే.

"నాకు శాలువా వద్దు. స్టేజి మీద ఒక్క మాట చెప్పున్రి. రంగులు మా అనురాధ ఏసిందని. ఆ ఒక్క మాట."

అద్దంలోంచే చూశాడు. "ఇప్పుడా? బహుమతి వచ్చినంక? నవ్వుతరే."

"నవ్వనియ్యున్రి. మీరు చెప్పకుంటే నేను చెప్త."

"నువ్వు చెప్తే ఎవలు నమ్ముతరే?" అన్నాడు దువ్వెన పెట్టేసి. తర్వాత నా భుజం తట్టాడు. "సరే, సరే, సూద్దాం. సందర్భం వస్తే చెప్త. మంచి చీర కట్టుకో."

అత్తమ్మ కొత్త ఆకుపచ్చ గాజులు తెచ్చి ముంజేతుల నిండా తొడిగింది. "నలుగుట్లకు పోతున్నం, నిండుగ ఉండాలె" అంది. తొడిగించుకున్నాను. నిజంగా చెబుతున్నాను, ఆయన ఆ మాట చెప్పి ఉంటే ఆ గాజులు అట్లాగే ఉండేవి. నేను చేతులు ఊపుకుంటూ ఇంటికొచ్చి అందరికీ వడ్డించేదాన్ని.

హాలు నిండా జనం. ముందు వరసలో అత్తమ్మ, పక్కన నేను, అటుపక్క ఐలన్న మామ. స్టేజి మీద బల్ల, బల్ల మీద కొసాక్కు, కింద అట్టముక్క మీద ఆయన పేరు, ఆయన డిగ్రీలు. వెనక తెర మీద ఫొటోలు ఒకటొకటిగా మారుతున్నాయి. మనిషంత పెద్దవిగా నా చేతులు. నా బొటనవేలు, నా బ్రష్షు, ఆయన గడియారం. ఆయన మైకు పట్టుకున్నాడు. కొసాక్కుల చరిత్ర చెప్పాడు. "ఈ రెండు చేతులతో నెలల తరబడి తపస్సు చేశాను" అన్నాడు, చేతులెత్తి చూపించాడు. చప్పట్లు. నేను ఎదురు చూస్తున్నాను. "చివరగా, మా ఇంటావిడ గురించి చెప్పాలి" అన్నాడు. నేను కుర్చీ అంచుకు జరిగాను. "ఆమె సహకారం లేనిదే ఇది లేదు. నేను బల్ల ముందు కూర్చుంటే టైముకు టీ ఇచ్చేది." హాలంతా నవ్వింది. ప్రేమగానే నవ్వారు. ఆయన నావైపు చూసి కన్ను గీటాడు, చెప్పాను కదా అన్నట్టు.

టీ. పన్నెండేళ్లు. టీ ఇచ్చేది.

నేను ఎడమచేతి గాజులు మొదలుపెట్టాను. ఈసారి సబ్బు లేదు. కొత్త గాజులు, ఇరుకు గాజులు. పిడికిలి దగ్గర చర్మం దోక్కుపోయింది. ఒక్కొక్కటీ తీసి అత్తమ్మ ఒళ్లో పెడుతున్నాను. ఆమెకు మొదట అర్థం కాలేదు, అర్థమయ్యాక నా మోచెయ్యి పట్టుకుని గుంజింది.

"ఏందే ఇది? పిచ్చి లేసిందా? మొగుని దినం నాడు తీసినట్టు తీస్తున్నవేందే, పది మందిల!"

"ఇంట్ల తీస్తే ఏం కాలేదు కదత్తమ్మా" అన్నాను. చివరి గాజు కూడా ఆమె ఒళ్లో పడింది. ఆ ముసలామె గాజులు ఒళ్లోంచి ఏరి మళ్లీ నా చేతికి తొడగబోయింది. కొడుకు ఏమైపోతాడోనన్న ఆ భయం ఈసారి నిజమైనదే. దాన్ని చూసి నాకు ఏమాత్రం జాలి కలగలేదు. ఉన్నదున్నట్టు చెబుతున్నాను.

దంపతులను పిలిచారు. మెట్లెక్కాను. చేతులు కొంగు కింద దాచుకోలేదు. ఆయనకు శాలువా కప్పారు. కరస్పాండెంటు గారి భార్య పళ్లెంతో నా దగ్గరికి వచ్చింది. జాకెట్టు గుడ్డ, పసుపు, కుంకుమ, ఎర్ర గాజులు. బొట్టు పెట్టింది, గాజులు తొడుగుదామని నా చెయ్యి అందుకుంది, అందుకుని ఆగిపోయింది.

"అయ్యో, ఇదేంటమ్మా? సార్ పక్కనే ఉండగా ఈ బోసి చేతులేంటి?"

పక్కన వ్యాఖ్యాత పట్టుకున్న మైకులో ఆ మాట హాలంతటికీ వినపడింది. ఆయన గబగబా నవ్వేశాడు. "మతిమరుపు మేడం. తొందరల మరిచిపోయినట్టుంది."

"మరువలేదు మేడం" అన్నాను. "తీసిన. బొమ్మలేసే శివకుమార్ పోయిండు. ఆయన కోసం తీసిన."

ముందు వరసలోంచి ఐలన్న మామ లేచాడు. "ఏం మాటలే పిల్లా అవి? నా అల్లుడు నిక్షేపంగ నిలవడ్డడు కదా నీ పక్కన!"

"నీ అల్లుడు ఉన్నడు మామా. నూరేండ్లు ఉండాలె. గీ శివకుమార్‌కు నేను టీ ఇచ్చిన, నిజమే. నేను చెప్పేది బొమ్మలేసిన శివకుమార్ గురించి." నా రెండు చేతులూ తెర వైపు చాపాను. తెర మీద కన్ను వేస్తున్న ఫొటో, సన్నటి వేళ్లు, గుండీ పెట్టిన అంగీ చెయ్యి. "ఆయన చేతులు అవి. ఇవి సూడున్రి, అవి సూడున్రి. గాజులు కనవడ్తయని తీయించిన్రు. పచ్చబొట్టు కనవడ్తదని రంగేయించిన్రు. అంగీ ఆయనది, గడియారం ఆయనది. చేతులు మాత్రం నాయి."

కరస్పాండెంటు గారి భార్య తెర చూసింది. నా చెయ్యి మళ్లీ అందుకుని చూసింది. తర్వాత శాలువా అంచు పట్టుకుని ఉన్న ఆయన చేతులు చూసింది, లావాటి వేళ్లు, వేళ్ల మీద దట్టమైన వెంట్రుకలు. హాల్లో వెనక వరస ఆడపిల్లలు లేచి నిలబడి మరీ చూస్తున్నారు. ఆయన నా చెవి దగ్గర పళ్లు బిగించి, "ఇంటికి రా, నీ సంగతి చెప్త" అన్నాడు. మైకు ఎంత దగ్గరుందో పాపం చూసుకోలేదు. అదీ అందరికీ వినపడింది.

బల్ల మీది అట్టముక్కను పక్కకు తోసి కొసాక్కును ఎత్తుకున్నాను. చెక్కముక్క పట్టుకునే ఎత్తుకున్నాను, రంగు మీద వేలు పడకూడదు కదా. కరస్పాండెంటు గారి భార్యకు ఏం చేయాలో తోచక ఎర్ర గాజులు చేతిలో పట్టుకుని అలాగే నిలబడింది.

"మరి... ఇవి తొడగనా, వద్దా అమ్మా?" అంది చిన్నగా.

"వద్దు మేడం. ఇయ్యాల ఆయన దినం. మా మామ రెండు పొట్టేళ్లు కోయించిండు, అందరు భోజనం చేసి పోవాలె."